మా మేనల్లుడి స్కౌటింగ్ రిపోర్టు

2024 దసరాకి మానుకోటలో మా అక్కావాళ్ళింట్లో ఉన్నాను. (బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉంటుంది గానీ మా వైపు ఎవరూ అలా అనరు.) భోజనాలయ్యాక బావ నన్ను డాబా మీదకి తీసుకెళ్ళి, మెట్ల వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"బామ్మర్దీ, ఉన్నది ఉన్నట్టు చెప్పు. మావోడు ఆటల పనికొస్తడా? పనికొస్తె ఆడనిస్త. లేకుంటె బందువెట్టి సక్కగ చదువుకొమ్మంట."

మావోడు అంటే బావ కొడుకు, నా మేనల్లుడు. అప్పుడు వరంగల్‌లో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. మూడు బ్యాక్‌లాగ్‌లు. కాలేజీ బాస్కెట్‌బాల్ టీములో వింగ్. ఆరడుగుల మూడంగుళాలు. మా వంశంలో ఇంత పొడుగు ఎవరూ లేరు, మా అమ్మ జనగామ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "ఆ పోరడు ఇంకా పెరుగుతుండా?" అని భయంగా అడుగుతుంది.

నన్నే ఎందుకు అడిగాడంటే, మా ఇంట్లో బాస్కెట్‌బాల్ చూసేది నేనొక్కణ్ణే. నిజం చెప్పాలంటే నేను ఆడింది ఏమీ లేదు. జనగామలో మా హైస్కూల్లో ఖోఖో, వాలీబాల్ తప్ప ఇంకో ఆట ఉన్నట్టే తెలీదు. ఆన్‌సైట్‌కి వెళ్ళాక పట్టుకున్న రోగం ఇది. తర్వాత హైదరాబాద్ వచ్చేశాక కూడా, అమెరికా క్లయింటుకి సపోర్టు షిఫ్టు చేస్తూ ఒక మానిటర్లో లాగ్‌లు, ఇంకో మానిటర్లో మ్యాచి. సాఫ్ట్‌వేర్ వాడు, పైగా డేటా టీములో పనిచేస్తాడు, అన్నీ లెక్కగా చెప్తాడు అని బావకి నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది, చెప్తాను.

ఆట తెలియని వాళ్ళ కోసం ఒక్క ముక్క. పాయింట్ గార్డ్ బాల్ తెచ్చి ఆట నడిపిస్తాడు. సెంటర్ బుట్ట కింద కాపలా ఉంటాడు. వీళ్ళిద్దరి మధ్యలో కోర్టుకి అటూ ఇటూ ఆడేవాడు వింగ్. దూరం నుంచి వేయాలి, పరిగెత్తాలి, అవతలి టీములో ఎక్కువ స్కోరు చేసేవాణ్ణి పట్టుకోవాలి. మన భాషలో ఫుల్ స్టాక్ డెవలపర్ అన్నమాట. అన్నీ రావాలి అంటారు, ఏది ఎంత వస్తే చాలో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే కాలేజీ వింగ్ ప్రొఫెషనల్‌గా పనికొస్తాడా లేదా అన్నది ఈ ఆటలో చాలా కష్టమైన అంచనా. ఏడడుగుల సెంటర్ని చూస్తే కనీసం ఏడడుగులు ఉన్నాడని తెలుస్తుంది.

బావ ఆ రోజు ఇంకో మాట కూడా అన్నాడు. "కల్లెడ పిల్ల పారిస్ పోయి మెడల్ తేలేదా?" అని. మా వైపు ఎవరి పిల్లలు ఏ ఆట ఆడినా ఇప్పుడు ఈ మాట వస్తుంది. పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024లో కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82తో కాంస్యం. మానుకోట నుంచి కల్లెడ ఎంతో దూరం లేదు కాబట్టి బావకి అది పక్కింటి సంగతి.

కానీ బావా, పరుగుకి స్టాప్‌వాచ్ ఉంది అన్నాను. 55 సెకన్లు కల్లెడలో అయినా 55, పారిస్‌లో అయినా 55. బాస్కెట్‌బాల్‌లో 20 పాయింట్లు కొట్టాడంటే ఎవరి మీద కొట్టాడు, ఎన్నిసార్లు వేస్తే కొట్టాడు, ఆ టీములో ఇంకెవరూ లేక కొట్టాడా, ఇవన్నీ అడగాలి. అమెరికాలోనే, కోట్లు ఖర్చుపెట్టి, మనుషుల్ని పెట్టుకుని చూసినా తప్పులు పోతాయి.

ఆ తప్పు నేను కూడా చేశాను. 2011లో డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉన్నాను. (ఇర్వింగ్‌లో ఉన్నాను అంటే ఎలాంటి అపార్టుమెంటో, రూములో ఎంతమందో మీలో సగం మందికి నేను చెప్పక్కర్లేదు.) ఆ జూన్‌లోనే డల్లాస్ మావెరిక్స్ మయామీని ఓడించి ఛాంపియన్లయ్యారు. ఊరంతా పూనకం. ఆ ఊపులో డ్రాఫ్ట్ కూడా చూశాను. ఆరిజోనా యూనివర్సిటీ నుంచి డెరిక్ విలియమ్స్ అనే ఫార్వర్డ్‌ని మిన్నెసోటా 2వ నంబరులో తీసుకుంది. వాడు ఎన్‌బీఏలో వింగ్‌గా ఆడగలడా అన్నదే అప్పటి చర్చ. ఎందుకు ఆడలేడు, ఆ ఏడాది కాలేజీలో మూడు పాయింట్ల షాట్లు 56.8 శాతం వేశాడు కదా అని టీంలో ఒక తమిళ కుర్రాడితో లంచ్ పందెం కట్టాను. అదే డ్రాఫ్ట్‌లో శాన్ డియాగో స్టేట్ నుంచి కవాయ్ లెనర్డ్ అనే వింగ్ 15వ నంబరు దాకా మిగిలిపోయాడు. కాలేజీ చివరి ఏడాది వాడి త్రీలు 29 శాతం. ఇండియానా తీసుకుని, అదే రాత్రి శాన్ ఆంటోనియోకి ఇచ్చేసి, జార్జ్ హిల్ అనే గార్డ్‌ని తెచ్చుకుంది.

తర్వాత కథ అందరికీ తెలుసు. లెనర్డ్ 2014లో, మళ్ళీ 2019లో ఫైనల్స్ ఎంవీపీ. విలియమ్స్ టీములు మారుతూ మారుతూ చివరికి యూరప్ లీగులకి వెళ్ళాడు. లంచ్ నేనే పెట్టించాను, అది కూడా బఫే.

ఎక్కడ తప్పు పోయిందో చాలా ఏళ్ళకి గానీ అర్థం కాలేదు. విలియమ్స్ 56.8 శాతం అంటే 74 వేస్తే 42 పడ్డాయి. డెబ్భై నాలుగు! మన దగ్గర ఎవడైనా 74 రికార్డులతో మోడల్ ట్రెయిన్ చేశానంటే మీటింగులో నవ్వుతాం. దానికన్నా ఫ్రీ త్రోలు చూడాలి. అవి ఎక్కువ వేస్తారు, ఎదురుగా చెయ్యి పెట్టేవాడు ఉండడు, దూరం ఎప్పుడూ ఒకటే, కాబట్టి చేతిలో షాట్ ఉందా లేదా అన్నది అక్కడ బయటపడుతుంది. ఆ ఏడాది ఇద్దరివీ దాదాపు ఒకటే, 75 శాతం దగ్గర. అంటే ఒకడు మహా షూటర్, ఇంకోడికి షూటింగే రాదు అని మేం అనుకున్న తేడా అంత పెద్దదేం కాదు. మిగిలిన తేడా లెనర్డ్ చేతులు. రెండు చేతులు చాపితే ఏడడుగుల మూడంగుళాలు. అది డ్రాఫ్ట్ రోజుకి అందరి దగ్గరా కాగితం మీద ఉన్న అంకెే, ఎవరూ దాచింది కాదు.

సరే, ఇంత జ్ఞానం ఉన్నవాణ్ణి కదా, మా మేనల్లుడి దగ్గరకొచ్చేసరికి ఏం చేశానో వినండి.

బావ దగ్గర తొమ్మిది మ్యాచిల వీడియోలున్నాయి, వాడి ఫ్రెండెవడో ఫోన్లో తీసినవి. లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని రెండు రాత్రులు కూర్చుని ఎక్సెల్ చేశాను. త్రీలు 52 వేస్తే 13. ఫ్రీ త్రోలు 36కి 22, అంటే 61 శాతం. మ్యాచికి సగటున 17 పాయింట్లు. అక్క బట్టలు కుట్టే టేపు తీసుకుని వాణ్ణి గోడకి ఆనించి నిలబెట్టి చేతులు చాపించి కొలిచాను, ఆరడుగుల ఆరంగుళాలు. వాడు నవ్వుతూనే నిలబడ్డాడు, నేనేదో సరదాకి చేస్తున్నాననుకున్నాడు. అక్క మాత్రం "జాకెట్టు కుడ్తవా తమ్మీ?" అంది.

తిరిగి హైదరాబాద్ వచ్చాక ఫోన్ చేసి బావకి తీర్పు చెప్పేశాను. ఎన్‌బీఏలో వింగ్ అంటే ఆరడుగుల ఆరు, ఏడు ఉండాలి బావా, వీడి ఎత్తుకి అక్కడ గార్డ్‌గా ఆడాలి, గార్డ్‌కి కావలసిన హ్యాండిల్ వీడికి లేదు. యూరప్ అయినా షూటింగ్ కావాలి, 25 శాతం అంటే లేనట్టే. మన దేశం నుంచి ఇప్పటిదాకా డ్రాఫ్ట్ అయింది ఒక్కడు, పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్, 2015లో 52వ నంబరు, ఏడడుగుల పైన ఎత్తు, వాడికే ఎన్‌బీఏలో ఒక్క మ్యాచి కూడా ఆడే అవకాశం రాలేదు. ఇక్కడి లీగులు చూద్దామంటే, 2015లో మొదలైన యూబీఏ 2017 తర్వాత ఆగిపోయింది. కాబట్టి చదువుకోమను.

అన్నీ నిజాలే. ఒక్కటీ అబద్ధం కాదు.

బావ ఆ మాట పట్టుకుని షూలకి, గుడ్లకి, టోర్నమెంట్ల చార్జీలకి ఇచ్చే డబ్బులు ఆపేశాడు. "మీ మామే చెప్పిండు" అన్నాడట. వాడు నాతో మాట్లాడటం మానేశాడు. దీపావళికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. పుట్టినరోజుకి మెసేజ్ పెడితే రెండు నీలం టిక్కులు, అంతే. చిన్నప్పుడు నా భుజాల మీద కూర్చుని జనగామ స్టేషన్లో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ కోసం ఎదురుచూసిన పిల్లాడు.

సంక్రాంతి దాటాక అక్క ఫోన్ చేసింది. "వాడు దోస్తుల కాడ అప్పు జేసి ఆడుతుండట తమ్మీ. శనివారం భూపాలపల్లిల మ్యాచి ఉందట. నువ్వొక్కసారి పోయి సూడు. సెప్తె నువ్వే సెప్పాలె."

బావది సింగరేణి ఉద్యోగం, భూపాలపల్లిలో క్వార్టరు. వాడు అక్కడే పెరిగాడు, అక్కడి సిమెంటు కోర్టులోనే పక్క క్వార్టరాయన దగ్గర బంతి పట్టడం నేర్చుకున్నాడు. హనుమకొండ దాకా ఒక బస్సు, అక్కడినుంచి పరకాల, రేగొండ మీదుగా ఇంకో బస్సు. భూపాలపల్లికి రైలు లేదు కాబట్టి వేరే దారి లేదు. రోడ్డంతా బొగ్గు లారీలు, తెల్ల చొక్కా వేసుకుని వెళ్ళడం నా తెలివితక్కువ. దిగి, ముఖం కడుక్కుని, కోర్టు దగ్గర ఒక మూల సిమెంటు గట్టు మీద కూర్చున్నాను. వాడు చూశాడు. చూడనట్టు తిరిగిపోయాడు.

ఆ రోజు ఒక నియమం పెట్టుకున్నాను. నలభై నిమిషాలూ బంతిని చూడను, వాణ్ణి మాత్రమే చూస్తాను. ఎందుకనిపించిందో తెలీదు, బహుశా వాడు నన్ను చూడట్లేదన్న కోపం కావచ్చు. బంతిని చూడకుండా బాస్కెట్‌బాల్ చూడటం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించి చూడండి. కళ్ళు వాటంతటవే బంతి వెనకాల పోతాయి.

రెండో క్వార్టర్‌కి వచ్చేసరికి నా ఎక్సెల్ షీట్ గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ తొమ్మిది వీడియోలు తీసిన ఫ్రెండు ఏం చేశాడు? అందరిలాగే బంతి వెనకాల ఫోన్ తిప్పాడు. బంతి దగ్గర మా వాడు ఉంటే ఫ్రేములో ఉన్నాడు, లేకపోతే లేడు. ఆటలో ముప్పావు వంతు వాడు ఏం చేస్తున్నాడో నా దగ్గర డేటాయే లేదు. లాగ్‌లో ఎర్రర్లు మాత్రమే రాసే సర్వర్ని చూసి పర్ఫార్మెన్స్ రిపోర్టు రాసినట్టుంది నా పని. అదీ పదేళ్ళుగా డేటా క్వాలిటీ గురించి జూనియర్లకి క్లాసులు పీకుతున్నవాణ్ణి.

బంతి లేనప్పుడు వాడు చేసేది ఇదీ. అవతలి టీములో 11వ నంబరు కుర్రాడున్నాడు, బక్కగా, మెరుపులా ఉన్నాడు, వాళ్ళ పాయింట్లన్నీ వాడివే. మా వాడు వాడికి బంతి అందనివ్వడం లేదు. వాడు కదలకముందే దారిలో నిలబడుతున్నాడు. ఆ పొడుగు చేతులు అడ్డం పెడితే పాస్ వేసేవాడు ఇంకోవైపు తిరగాల్సిందే. స్క్రీన్ వస్తోందంటే వెనకనుంచి అరిచి టీముకి చెప్తున్నాడు, ఇంట్లో పది మాటలు మాట్లాడని వాడు. బంతి పోయినప్పుడు అందరికన్నా ముందు వెనక్కి పరిగెత్తేది వాడే. 11వ నంబరు మా వాడి కాపలాలో 14 సార్లు వేస్తే 3 పడ్డాయి, నేనే గీతలు గీసి లెక్కపెట్టాను. (ఒక్క మ్యాచి, 14 షాట్లు. విలియమ్స్ 74 చూసి నవ్వినవాణ్ణి, నాకు తెలుసు.)

లోపాలు కూడా అంతే స్పష్టంగా కనపడ్డాయి, దాచడం ఎందుకు. ఎడమ చేత్తో డ్రిబుల్ లేదు, ఎడమవైపు నెడితే బంతి తీసుకుని ఆగిపోతాడు. షాట్ నడుం దగ్గర్నుంచి మొదలవుతుంది, బల్లపరుపుగా వెళ్తుంది, ఎదుటివాడు రెండడుగులు వేసి వచ్చేంత టైమ్ ఇస్తాడు. ఆ రోజు వేసినవి ఏడే షాట్లు, 8 పాయింట్లు. కోచ్ మాత్రం వాణ్ణి చివరిదాకా తీయలేదు. నాలుగు పాయింట్లతో గెలిచారు.

మ్యాచి అయ్యాక టీ కొట్టు దగ్గర నిలబడితే వాడే వచ్చాడు, చెమటలు కారుతూ, ఎటో చూస్తూ.

"మామా, నన్ను ఎన్‌బీఏ వాళ్ళతోని పోల్చినవట."

"మీ నాన్న పనికొస్తాడా అని అడిగాడు రా. ప్రొఫెషనల్ అంటే..."

"నాకు ఎన్‌బీఏ గావాలని ఎవడు జెప్పిండు? నాకు రైల్వే గావాలె."

టీ చేతిలో అలాగే ఉండిపోయింది. నిజంగా అంత సింపుల్. మన దేశంలో బాస్కెట్‌బాల్ ప్లేయర్ ప్రొఫెషనల్ అవ్వడం అంటే ఎన్నో ఏళ్ళుగా ఒకటే అర్థం. రైల్వేస్‌లోనో, సర్వీసెస్‌లోనో, ఓఎన్‌జీసీలోనో, ఏదో బ్యాంకులోనో ఉద్యోగం, ఆ టీముకి ఆట. ఇర్వింగ్‌లో టీవీ చూసి నేర్చుకున్న నాకు ఆ సంగతి తట్టలేదు, బొగ్గు బావి పక్కన పెరిగినవాడికి తెలుసు. బావ అడిగింది కూడా అదే అయ్యుండాలి. ఏ ప్రశ్న అడుగుతున్నారో కనుక్కోకుండా రెండు రాత్రులు కూర్చుని జవాబు రాశాను. రిక్వైర్‌మెంట్స్ అడక్కుండా కోడ్ రాసేవాళ్ళని ఏమంటామో మీకు తెలుసు.

ఆ రాత్రి క్వార్టర్లోనే పడుకున్నాను, ఇద్దరం రైల్వే స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్ ముందేసుకుని కూర్చున్నాం. అది చదువుతుంటే నాకు ముచ్చటేసింది. మన దేశపు స్కౌటింగ్ మోడల్ అందులోనే రాసి ఉంది. మొత్తం 100 మార్కులు. ట్రయల్స్‌లో ఆటకి 40, ఇప్పటిదాకా సాధించిన వాటికి 50, చదువుకి 10. వయసు 18 నుంచి 25. ట్రయల్స్‌లో వీడి ఆటకి మార్కులు పడతాయని ఇప్పుడు నాకు నమ్మకం, కాపలా కాసేవాడు ఏ టీముకైనా కావాలి. కానీ ఆ 50 దగ్గర వీడి చెయ్యి ఖాళీ. అక్కడ సర్టిఫికెట్ కావాలి, రాష్ట్రం తరఫునో యూనివర్సిటీ తరఫునో దేశస్థాయిలో ఆడి స్థానం తెచ్చుకున్నది. జిల్లా టోర్నమెంటు కప్పులు అక్క షోకేసులో బానే ఉంటాయి గానీ లెక్కలోకి రావు. అంటే వీడి అసలు సమస్య ఎత్తు కాదు, నేను చెప్పిన 25 శాతం కూడా కాదు. స్టేట్ టీములోకి రావడం. అక్కడ సెలక్షన్ రెండు మూడు రోజుల్లో అయిపోతుంది, అలాంటి చోట షాట్ పడేవాడు కళ్ళకి కనపడతాడు, కాపలా కాసేవాడు కనపడడు. కాబట్టి తిరిగి తిరిగి మళ్ళీ షాట్ దగ్గరికే వచ్చాం, కాకపోతే ఇప్పుడు కారణం వేరు.

నా పాత లెక్క కూడా వాడి ముందే మళ్ళీ వేశాను. 52కి 13 అంటే 25 శాతం, కానీ అంత తక్కువ షాట్లతో అసలు సంఖ్య 13 నుంచి 37 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 37 అంటే మంచి షూటర్, 13 అంటే వేయొద్దని చెప్పాలి. ఆ రెండిట్లో వీడు ఎవడో నాకు తెలీకుండానే "లేనట్టే" అన్నాను. వాడు కాసేపు ఆ అంకెలు చూసి, "మరి డాడీకి గిది జెప్పలేదేంది?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఫోన్లో చెప్తే నాన్చుతున్నట్టు ఉంటుందనిపించింది, అంతే. తెలీదు అనడం కన్నా వద్దు అనడం తేలిగ్గా ఉండింది.

మర్నాడు బావతో మాట్లాడాను. డిగ్రీకి, ఆటకి శత్రుత్వం లేదు బావా, ఆ 10 మార్కుల్లో డిగ్రీ పనికొస్తుంది, 25 ఏళ్ళ దాకా టైముంది, వీడికి ఇంకా 20 అన్నాను. బ్యాక్‌లాగ్‌లు తీసెయ్యడం వాడి బాధ్యత, షూల డబ్బులు నా బాధ్యత. అదే రోజుల్లో ఢిల్లీలో 25 ఏళ్ళలోపు వాళ్ళకి ఐఎన్‌బీఎల్ ప్రో అని ఆరు టీముల లీగు కూడా జరిగింది, హైదరాబాద్ ఫాల్కన్స్ అని మన పేరుతో ఒక టీము. అది చూపిస్తే బావ ఉత్సాహపడ్డాడు గానీ నేనే ఆపాను. లీగులు వస్తాయి పోతాయి, దాన్ని ప్లాన్‌లో పెట్టుకోవద్దు, వస్తే బోనస్.

అప్పట్నుంచి రోజుకి 100 ఫ్రీ త్రోలు వేసి షీట్లో ఎక్కించడం వాడి పని. మొదటి వారం 61. నా ఎక్సెల్‌లో ఉన్న అంకే కావడం కాకతాళీయం, నేను మాత్రం కొంచెం పొంగాను. మే నెలలో 66. కొన్ని రోజులు ఖాళీలు, పరీక్షలని రాస్తాడు, నేను అడగను. మొన్న నెల సగటు 74. షాట్ ఇప్పుడు ఛాతీ దగ్గర్నుంచి మొదలవుతోంది. ఎడమ చెయ్యి ఇంకా రాలేదు. వస్తుందని నాకు అంత నమ్మకం లేదు, అది కూడా ఈసారి వాడికే చెప్పాను. బ్యాక్‌లాగ్ ఒకటి మిగిలింది. స్టేట్ సెలక్షన్‌కి ఒకసారి వెళ్ళాడు, చివరి లిస్టులో పేరు రాలేదు. మళ్ళీ వెళ్తాడు.

వీడియోలు ఎలా తీయాలో కూడా వాడి ఫ్రెండుకి నేర్పించాను. ఫోన్ని ఎత్తైన చోట మూలకి కట్టెయ్, కోర్టంతా రావాలి, బంతి ఎక్కడికి పోయినా తిప్పొద్దు. పోయిన వారం బావ అలాంటిదొకటి పంపించి, ఐదు నిమిషాలైనా ఆగకుండా ఫోన్ చేశాడు.

"ఏంది బామ్మర్దీ, మొదటి క్వార్టర్ మొత్తం సూసిన. మనోడు ఒక్కటన్న ఎయ్యలే గదరా."

"బావా, అవతల తెల్ల బనియన్లో 7వ నంబరు పోరణ్ణి చూడు. వాడు ఎన్ని వేశాడు?"

అవతల వీడియో మళ్ళీ మొదట్నుంచి నడుస్తున్న చప్పుడు. చాలాసేపు విజిళ్ళు, షూల కీచులు వినపడ్డాయి.

"వాడు గూడ ఎయ్యలే."

"ఆ."

"ఏమోరా," అని ఫోన్ అక్కకిచ్చేశాడు.